మాస్టర్ ప్లాన్ సవరిస్తున్నారంటే నెల్లూరు వాళ్లు ఏం చేయాలి

మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చిందని తెలియగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. మ్యాపులో తమ సర్వే నంబరు వెతుక్కుంటారు. రోడ్డు తగల్లేదంటే ఊపిరి పీల్చుకుని ఇంటికి పోతారు. తగిలిందంటే టెన్షన్‌తో తెలిసిన కార్పొరేటర్ దగ్గరికి పరుగెత్తుతారు. రాబోయే ఇరవై ఏళ్లలో ఊరు ఎటు పెరగాలో, వాన నీరు ఎటు పోవాలో, పిల్లల బడి ఎక్కడ రావాలో నిర్ణయించే కాగితం అది. అందులో మన స్థలం సంగతి చివర చూసుకోవాలి. ముందు నీళ్లు, తర్వాత రోడ్లు, ఆ తర్వాత పార్కులు, బడులు, తాగునీరు. మన అంకణాలు, అంటే మన స్థలం కొలత, ఆఖరికి. ఈ వరసలో చదివితే మన స్థలానికీ మేలే. ప్లాటుకు రోడ్డు తగలకపోయినా, ఏటా కార్తీకంలో వీధిలో మోకాటిలోతు నీళ్లు నిలిస్తే ఆ ప్లాటు ఎవరికి పనికొస్తుంది?

ఈ పని ఎలా చేయాలో వరసగా చెబుతాను. నెల్లూరును మనసులో పెట్టుకుని రాస్తున్నాను గానీ, ఒంగోలు, కావలి వాళ్లకూ పద్ధతి ఇదే.

ఎవరు చేస్తారు, ఎవరు ఆమోదిస్తారు

నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ, మనం నుడా అనేది, 2017లో ఏర్పడింది. రాష్ట్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన మెట్రోపాలిటన్ రీజియన్, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం కింద అది పనిచేస్తుంది. ఒంగోలు సంస్థ 2019లో వచ్చింది. ముసాయిదా తయారు చేయడం, జనం నుంచి అభ్యంతరాలు, సూచనలు తీసుకోవడం ఈ సంస్థల పని. తుది ఆమోదం ప్రభుత్వానిది. ఆమోదమై జీవో వచ్చాక మన ఇంటి ప్లానుకైనా, లేఅవుట్‌కైనా అనుమతి ఇచ్చేవాళ్లు దాన్నే ముందు పెట్టుకుని చూస్తారు.

ప్లాన్ కాలం మామూలుగా 20 ఏళ్లు, ఒక్కోసారి 30. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు అయిదేళ్లకోసారి సమీక్షించమంటాయి. కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలైంది. పోర్టు పక్కనే రాబోయే పారిశ్రామిక నగరానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఉత్తరాన రామాయపట్నం పోర్టు పనులు నడుస్తున్నాయి. ఊరిని లాగే దిక్కులు ఇంత వేగంగా మారుతున్నప్పుడు పాత మ్యాపుతో సరిపెట్టుకోలేం. సవరణ అవసరమే. ఆ సవరణలో మన మాట ఉండాలి.

ముసాయిదా రాకముందే చేసిపెట్టుకోవాల్సినవి

అసలు పని ఇక్కడే ఉంది, ఎక్కువ మంది వదిలేసేదీ ఇదే. అభ్యంతరాలకు ఇచ్చే గడువు చిన్నది. ఆ కొద్ది రోజుల్లో పత్రాలు వెతుక్కుంటూ కూర్చుంటే కాలం అయిపోతుంది.

మన జిల్లాలో వాన ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. ముసాయిదా మాత్రం ఎండాకాలంలోనూ రావచ్చు. ఎండాకాలంలో ఏ కాలువ చూసినా ఎండిపోయి, చెత్తతో పూడిపోయి, ఖాళీ జాగాలా కనిపిస్తుంది. అందుకే ఈ నవంబరులోనే ఫోన్ తీసుకుని బయటికి రండి. మీ కాలనీలో నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎటు నుంచి వస్తున్నాయో, ఎటు పోవాలని చూసి ఆగిపోతున్నాయో ఫొటోలు తీయండి. తేదీ, లొకేషన్ ఫొటో మీద పడే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఫొటోలో మనిషో, కరెంటు స్తంభమో, ఇంటి గేటో ఉంటే లోతు తెలుస్తుంది. మీ వీధిలో పాతికేళ్లుగా ఉంటున్న పెద్దవాళ్లను అడగండి: 2015 వరదలో నీళ్లు ఎంతదాకా వచ్చాయి, 2021 వరదలో ఎంతదాకా వచ్చాయి అని. చాలా ఇళ్ల గోడల మీద ఆ చార ఇంకా ఉంటుంది. నేల నుంచి టేపు పెట్టి కొలిచి, ఆ కొలతతో సహా ఫొటో తీసుకోండి.

రెండోది పత్రాలు. మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ స్కెచ్ (పొలం కొలతల పటం), 1బీ (యజమాని వివరాలు), అడంగల్ (సాగు వివరాలు), ఊరి గ్రామ పటం. ఇవి మీభూమి వెబ్‌సైట్‌లోనో, సచివాలయంలోనో, మండల సర్వేయర్ దగ్గరో దొరుకుతాయి. గ్రామ పటం తప్పనిసరిగా తీసుకోండి. పాత గ్రామ పటాల్లో వాగులు, పంటకాలువలు, చెరువు కట్టలు, డొంకలు (పొలాల మధ్య దారులు) స్పష్టంగా ఉంటాయి. ఇప్పుడు కళ్లకు కనిపించని కాలువను నిరూపించడానికి మీ చేతిలో ఉండే గట్టి కాగితం అదే.

ముసాయిదా అంటే ఒక్క మ్యాపు కాదు

నోటీసు పేపర్లో వస్తుంది, నుడా ఆఫీసులోనూ కార్పొరేషన్ ఆఫీసులోనూ పెడతారు. గడువు ఆఖరి తేదీని ముందు రాసుకోండి. ఆ తర్వాత మూడు అడగండి: ప్రతిపాదిత భూవినియోగ మ్యాపు, దానితోపాటు వచ్చే నివేదిక, జోనింగ్ నిబంధనలు. మ్యాపు ఒక్కటే చూసి వచ్చేస్తే సగం విషయం తెలియదు. నివాసానికని పసుపు రంగు వేసిన చోట ఎన్ని అంతస్తులు కట్టొచ్చు, వ్యవసాయ జోన్‌లో ఏమేం కట్టనిస్తారు అనేవి నిబంధనల్లో ఉంటాయి. జనాభా అంచనా ఎంత, ఎందుకలా వేశారు అనేది నివేదికలో ఉంటుంది.

ఇంకోటి కూడా అడగండి. 2015 తర్వాత కేంద్రం అమృత్ పథకం కింద మన నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లకు మాస్టర్ ప్లాన్లను జీఐఎస్ పద్ధతిలో, అంటే కంప్యూటర్ మ్యాపులుగా, తయారు చేయాలంది. అలా తయారైన మ్యాపు నుంచి కేఎంఎల్ ఫైలు తీయొచ్చు. అది ఇస్తే ఫోన్లో గూగుల్ ఎర్త్ మీద వేసి, మీ ఇంటి ముందు నిలబడి చూసుకోవచ్చు. గోడకు అంటించిన ప్రింటు మీద వేలు పెట్టి వెతకడం కంటే ఇది ఎంతో నయం.

ప్రింటు మీద ఎందుకు ఆధారపడకూడదో చెబుతాను. మ్యాపు స్కేలు 1:4000 అయితే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 4 మీటర్లు. మొత్తం నుడా పరిధిని ఒకే షీటు మీద 1:25000లో వేస్తే అదే మిల్లీమీటరు 25 మీటర్లు. అంటే రోడ్డుకు గీసిన గీత మందంలోనే మూడు నాలుగు ఇళ్లు పడతాయి. ఆ గీత మీ గోడకు ఇటుందా అటుందా అని ప్రింటు చూసి ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట సర్వే నంబరు వారీగా జాబితా ఇవ్వమని రాతపూర్వకంగా అడగాలి.

రంగుల సంగతి: సాధారణంగా పసుపు నివాసం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమ, ఎరుపు బడులు, ఆస్పత్రులు, ఆఫీసుల వంటివి, ఆకుపచ్చ పార్కులు, లేత ఆకుపచ్చ వ్యవసాయం. మ్యాపు మూలన ఉన్న సూచికతో ఒకసారి సరిచూసుకోండి. ప్రస్తుత భూవినియోగ మ్యాపును, ప్రతిపాదిత మ్యాపును పక్కపక్కన పెట్టి, ఎక్కడ రంగు మారిందో అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. మాట్లాడాల్సిన చోట్లు అవే.

ముందు నీళ్లు

మన ఊరి వాలు పడమర నుంచి తూర్పుకు, సముద్రం వైపు. పెన్నా ఊరికి ఉత్తరాన పోతుంది. పడమర నెల్లూరు చెరువు ఉంది. అక్కడి నుంచి, ఆనకట్ట నుంచి బయల్దేరిన కాలువలు ఊరి మధ్యగా పోయి తూర్పు మాగాణికి నీళ్లిచ్చేవి. జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ, వాటి పిల్ల కాలువలు. ఈరోజు వాటి పక్కన ఉన్నవాళ్లకు అవి మురుగు కాలువలుగానే తెలుసు. వరద వచ్చినప్పుడు మాత్రం నీళ్లు పాత దారినే వెతుక్కుంటాయి.

2021 నవంబరులో ఏం జరిగిందో గుర్తుందిగా. కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నాకు పెద్ద వరద వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. హైవే మీద రాకపోకలు నిలిచిపోయాయి. వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ, జనార్దన్‌రెడ్డి కాలనీ వాళ్లు ఇళ్లు వదిలి బయటికి రావాల్సి వచ్చింది. కొత్త ప్లాన్ మ్యాపు మీద ఆ రోజు నీళ్లు వచ్చిన హద్దు ఉందా లేదా? నేనైతే ముసాయిదాలో మొట్టమొదట అదే వెతుకుతాను. లేకపోతే మొదటి అభ్యంతరం అదే కావాలి.

చూడాల్సినవి మూడు. ఒకటి, మీ ప్రాంతంలో గ్రామ పటంలో ఉన్న ప్రతి కాలువా, చెరువూ, కుంటా మ్యాపులో నీలి గీతగానో మచ్చగానో ఉందా. రెండు, వాటి పక్కన వదలాల్సిన జాగా వదిలారా. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న వాటికి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన కాలువకు 9 మీటర్లు. మునిసిపల్ పరిధిలో నదికి 50 మీటర్లు, బయట 100 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుకుండలా ఉన్నప్పుడు నీరు నిలిచే హద్దు, వేసవిలో కనిపించే నీటి అంచు కాదు. ఆ హద్దు ఎవరు, ఎప్పుడు కొలిచారో అడగండి. మూడు, తూర్పున మాగాణిని పసుపు చేసిన చోట ఆ పొలం ఇన్నాళ్లూ పట్టుకున్న నీళ్లు ఇకమీదట ఎటు పోతాయి? లేఅవుట్ వేసేవాళ్లు మెరక తోలి తమ ప్లాట్లు ఎత్తు చేసుకుంటారు. పక్క పాత కాలనీ పల్లమైపోతుంది. ఇది నెల్లూరు చుట్టూ ఏ రోడ్డు పట్టుకుని పోయినా కనిపించే సంగతే. పసుపు రంగు వేయొద్దని కాదు, దానికి ముందు పెద్ద డ్రెయిన్ గీత గీయమని అడగాలి.

ఒంగోలు వాళ్లు ఇదే ప్రశ్నను తాగునీటి వైపు నుంచి మొదలుపెట్టాలి. సాగర్ కుడి కాలువ నీరు రామతీర్థం దాటి సమ్మర్ స్టోరేజీ ట్యాంకులకు చేరితేనే అక్కడ కుళాయి తిరుగుతుంది. కొత్త కాలనీలకు రంగు వేసేటప్పుడు ఆ ట్యాంకుల సామర్థ్యం ఎంత పెంచుతారో నివేదికలో ఉండాలి.

తర్వాత రోడ్లు

నెల్లూరును విజయవాడ, చెన్నై రైలు మార్గం రెండుగా చీలుస్తుంది. వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి, రామలింగాపురం అండర్ పాస్ లాంటివి నీళ్లతో నిండి, ఇటువాళ్లు ఇటే అటువాళ్లు అటే ఆగిపోతారు. కాబట్టి ముసాయిదాలో ఎన్ని రింగు రోడ్లు గీశారని లెక్కపెట్టే ముందు, పట్టాలు దాటడానికి కొత్తగా ఎన్ని దారులు చూపారో చూడండి. పోర్టు లారీలు ఊళ్లోకి రాకుండా ముత్తుకూరు వైపు నుంచి హైవేకి కలిసే దారి ఉందో లేదో చూడండి.

మీ పొలం మీదుగా రోడ్డు గీశారనుకోండి. ఎంత పోతుందో లెక్క వేసుకోవడం కష్టం కాదు. 30 మీటర్ల రోడ్డు మీ పొలంలో 60 మీటర్ల పొడవున పోతే 1800 చదరపు మీటర్లు. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, ఎకరానికి 605 అంకణాలు. ఆ లెక్కన సుమారు 269 అంకణాలు పోతాయి. మ్యాపులో గీత గీసినంత మాత్రాన స్థలం మీ చేయి దాటదు. అయితే మీరు ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అడిగినప్పుడు ఆ మేరకు వదలమంటారు. వదిలి రాసిచ్చినందుకు టీడీఆర్ బాండు (డబ్బుకు బదులు వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు) లాంటి పరిహారం ఏమిస్తారో అప్పుడే రాతపూర్వకంగా తెలుసుకోండి. అభ్యంతరం రాసేటప్పుడు "మా స్థలం పోతుంది" అని మాత్రమే రాస్తే ఆ కాగితానికి బలం ఉండదు. పక్కనే ఉన్న ప్రభుత్వ డొంక మీదుగానో, పాత బండ్ల బాట మీదుగానో అదే రోడ్డు పోవచ్చని గ్రామ పటం జతచేసి చూపిస్తే పరిశీలించడానికి ఆధారం దొరుకుతుంది.

లెక్కలు సరిచూడండి

నివేదికలో జనాభా అంచనా వెతకండి. 2011 లెక్కల్లో నెల్లూరు జనాభా సుమారు 5 లక్షలు. ఆ తర్వాత జనగణన జరగలేదు. తర్వాతిది 2027లో. కాబట్టి మధ్యలో వేసిందంతా అంచనాయే. అంచనా తప్పని కాదు, దాన్ని బట్టి మిగతావి సరిపోయాయా చూడాలి.

ఉదాహరణకు 20 ఏళ్ల తర్వాత 10 లక్షల మంది ఉంటారని రాశారనుకోండి. 2014 మార్గదర్శకాల ప్రకారం మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలి. 10 చొప్పున వేసినా వెయ్యి హెక్టార్లు, అంటే దాదాపు 2,470 ఎకరాలు. మ్యాపులో ఆకుపచ్చ మొత్తం కలిపి అంత ఉందా? చెరువునూ, నది ఇసుకనూ పార్కుల్లో కలిపేశారా? అయిదు వేల మందికి ఒక ప్రాథమిక పాఠశాల లెక్కన 200 బడులు కావాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 13.5 కోట్ల లీటర్ల నీళ్లు కావాలి. ఇవి పెద్ద లెక్కలేమీ కావు, ఫోన్లో కాలిక్యులేటర్ చాలు. ఒక కాలనీ సంఘం ఈ నాలుగు అంకెలు రాసి తీసుకెళ్తే ఆఫీసులో మాట్లాడే తీరే మారుతుంది.

అభ్యంతరం రాసే పద్ధతి

ఒక కాగితం, ఒక విషయం. నాలుగు విషయాలుంటే నాలుగు కాగితాలు. అన్నీ కలిపి రాస్తే తేలికదానికి జవాబిచ్చి బరువైనదాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. పైన చిరునామా వైస్ చైర్మన్ గారికి, నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ అని. నోటీసు తేదీ, నంబరు తప్పక రాయాలి. లోపల ఇలా ఉంటే చాలు:

"_____ గ్రామం, సర్వే నంబరు _____. ముసాయిదా మ్యాపులో ఈ భూమిని నివాస జోన్‌గా చూపారు. దీని తూర్పు హద్దున పంటకాలువ ఉన్నట్టు గ్రామ పటంలోనూ, ఎఫ్‌ఎంబీలోనూ ఉంది. ముసాయిదాలో ఆ కాలువ లేదు. 2021 నవంబరులో ఇక్కడ నీరు నిలిచిన ఫొటోలు, గోడ మీద కొలిచిన మట్టం జతచేశాం. కాలువను పూర్తి వెడల్పుతో మ్యాపులో చూపాలని, నిబంధనల ప్రకారం వదలాల్సిన స్థలాన్ని ఖాళీగా ఉంచాలని, దిగువన ఏ డ్రెయిన్‌లో కలుస్తుందో చూపాలని కోరుతున్నాం. విచారణకు పిలిస్తే వచ్చి వివరిస్తాం."

ఎక్కడ, ఏం తప్పు, ఆధారం ఏమిటి, ఏం కావాలి. ఇంతే. కోపం ఉంటుంది, కాదనను, కానీ అది కాగితం మీదకు రాకుండా చూసుకోండి. ఒకే నమూనాను జిరాక్స్ తీసి రెండొందల మంది సంతకాలు పెట్టడం కంటే, పది మంది తమ తమ వీధి ఫొటోలతో విడివిడిగా రాయడం మంచిది.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకుని దాచుకోండి. దూరం నుంచి వెళ్లలేకపోతే స్పీడ్ పోస్టు చేసి రసీదు ఉంచుకోండి. వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శికి చూపిస్తే సర్వే నంబర్లు సరిచూడటంలో సాయం చేస్తారు, అడగడానికి మొహమాటపడకండి. రైతు వేరే ఊళ్లో ఉంటే, లేదా ఆ పొలం కౌలుకు ఇచ్చి ఉంటే, కబురు పెట్టండి. ఊరి అంచు గ్రామాల్లో చాలామందికి నోటీసు వచ్చిన సంగతే గడువు దాటాక తెలుస్తుంది.

గడువు దాటాక

విచారణకు పిలుపు వస్తే ఇద్దరు ముగ్గురు వెళ్లండి. మాట్లాడేవారు ఒకరే ఉండాలి. పిలుపు రాకపోతే కొంతకాలం చూసి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. అడగాల్సింది స్పష్టంగా: ఫలానా తేదీన ఇచ్చిన మా అభ్యంతరం మీద కమిటీ ఏమని సిఫారసు చేసింది, ఎందుకు, ఆ పేజీ నకలు.

తుది ప్లాన్ వచ్చాక ముసాయిదాతో మళ్లీ పోల్చండి. మీరు పెన్సిల్ సున్నాలు చుట్టిన చోట్లన్నీ చూడండి. ఆ తర్వాత కూడా పని ఉంటుంది. ఆమోదమైన ప్లాన్‌లోనే ఫలానా సర్వే నంబరును వ్యవసాయం నుంచి నివాసానికి, బహిరంగ స్థలం నుంచి వాణిజ్యానికి మారుస్తామని భూవినియోగ మార్పిడి నోటీసులు విడివిడిగా పేపర్లో వస్తుంటాయి. చిన్న అక్షరాల్లో, లోపలి పేజీల్లో. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకరికి ఆ పని అప్పజెప్పండి. నోటీసు కనిపించిన రోజే ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి, సర్వే నంబరు మ్యాపులో చూడాలి, పక్కన కాలువ ఉందేమో గ్రామ పటంలో చూడాలి. ఆ నోటీసుకూ అభ్యంతరాల గడువు ఉంటుంది, మీ దగ్గర నమూనా కాగితం ఇప్పటికే సిద్ధంగా ఉంటుంది.